మెట్టకూ కొల్లేటికీ ఒకే రూపాయి

మేడమ్ గారు పోయారని వాళ్ళ తమ్ముడు గారు ఫోన్ చేసేసరికి నేను తాడేపల్లిగూడెంలో, పాఠాలు చెప్పే కాలేజీ వరండాలో ఉన్నాను. పొద్దున్న టీ తాగి, పేపరు చూస్తూ కుర్చీలోనే ఒరిగిపోయారట. "బాధ పడలేదమ్మా" అని ఆయన మళ్ళీ మళ్ళీ అన్నారు. తర్వాతి గంట నాకు క్లాసు ఉంది. వెళ్ళలేకపోయాను. సెలవు చెప్పి ఏలూరు బస్సెక్కాను.

ఏలూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఆవిడ మాకు ఎకనామిక్స్ చెప్పారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తే, పాఠం మొదలవబోతోందని మాకు అర్థం. ఎప్పుడూ గొంతు పెంచలేదు. వెనక బెంచీల వాళ్ళకి వినబడకపోతే తనే నడుచుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పేవారు.

అవి అప్పుల్లో మునిగి గ్రీసు దేశం రోజూ వార్తల్లో నలుగుతున్న రోజులు. మా జంగారెడ్డిగూడెం వైపు పొగాకు కొనే దిక్కులేని ఏడాది కూడా అదే. మా నాన్న వేసేది పొగాకే. బ్యారన్ కొట్టంలో వేడికి ఆరబెట్టిన ఆకు ఇంట్లోనే మూటలుగా పడి ఉండేది. ఆ ఘాటు వాసనలోనే ఒకరోజు నాన్న నన్ను కూర్చోబెట్టి, ఈ ఏడాదితో చదువు ఆపేద్దామని మెల్లగా చెప్పారు.

సరిగ్గా ఆ వారమే మేడమ్ గారు, గ్రీసూ దాని ఇరుగుపొరుగుల్లాగా చాలా దేశాలు కలిసి ఒకే డబ్బు వాడుకోవడం గురించి పాఠం ఎత్తుకున్నారు. ముందు లాభాలు చెప్పారు. సరిహద్దు దాటినప్పుడల్లా డబ్బు మార్చుకోనక్కర్లేదు, మార్పిడిలో పోయే ఖర్చు మిగులుతుంది. ఏ వస్తువు ఎక్కడ చవకో ఇట్టే తెలుస్తుంది. రేపు మారకం రేటు ఎలా ఉంటుందోనన్న భయం లేకుండా వ్యాపారం చేసుకోవచ్చు. చిన్న దేశానికి కూడా తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది. తర్వాత నష్టాలకు వచ్చారు. సొంత డబ్బు ఉన్న దేశం గడ్డురోజుల్లో దాని విలువ తగ్గనిచ్చి, తన సరుకు బయటివాళ్ళకి చవకగా అమ్ముకోగలదు. వడ్డీ తన అవసరం చూసుకుని తగ్గించుకోగలదు. అందరిదీ ఒకే డబ్బు అయినప్పుడు ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. ఇక తగ్గేది కూలి, పోయేది ఉద్యోగం.

నేను లేచి నిలబడ్డాను. మా మెట్ట ప్రాంతానికి వేరే డబ్బు ఉంటే మా పొగాకు కూడా అమ్ముడయ్యేది కదా అని అడిగాను. గొంతులో కోపం నాకే తెలుస్తోంది. క్లాసులో కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. క్లాసుని రెండు జట్లు చేసి, మర్నాడు వాదించుకోమన్నారు. నన్ను మాత్రం ఒకే డబ్బు ఉండాలనే జట్టులో వేశారు. నా నమ్మకం అది కాదని చెబితే, "అందుకేనమ్మా. నచ్చని వైపు నుంచి ఓసారి చూడు" అన్నారు.

ఆ సాయంత్రమంతా ఆలోచించాను. మా నాన్నకి ఉబ్బసం. మందులు ఏలూరు నుంచే రావాలి. ఎరువు, డీజిలు, మేం తినే బియ్యం, అన్నీ కింద డెల్టా నుంచే వస్తాయి. మా డబ్బు విలువ తగ్గితే పొగాకు అమ్ముడవుతుంది, నిజమే. కానీ ఆ మందులు మాకు ప్రియమైపోతాయి. మర్నాడు అదే చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. మేడమ్ గారు నా పక్కకి వచ్చి నిలబడి, "డబ్బు ఒకటైతే సరిపోదు. ఒకరి కష్టం ఇంకొకరికి పట్టాలి. అప్పుడే ఆ కలయిక నిలబడుతుంది" అని క్లాసుకంతటికీ చెప్పారు. పని దొరకని చోటి మనుషులు పని ఉన్న చోటికి వెళ్ళగలగాలనీ, బాగున్న ప్రాంతం నుంచి బాగులేని ప్రాంతానికి సాయం అందాలనీ ఆరోజు పాఠం.

చదువు మానేయాల్సి వస్తోందని క్లాసయ్యాక నాచేత చెప్పించుకుని, ఆ ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ నేరుగా మా ఊరు వచ్చారు. బస్సు దిగి, గొడుగు వేసుకుని, దారి అడుగుతూ వచ్చారు. నాన్న కంగారుగా కుర్చీ తుడిచి వేశారు. ఇక చదివించడం తన వల్ల కాదని చెప్పారు. మేడమ్ గారు అంతా విన్నారు.

"అమ్మాయిని మా ఇంట్లో ఉంచండి అన్నయ్యగారూ. నేనూ మా అమ్మా ఇద్దరమే ఉంటాం."

"ఊరికే ఒకరింట్లో తినడం మాకు అలవాటు లేదండి."

"ఊరికే కాదండీ. మా అమ్మకి చూపు ఆనడం లేదు. పొద్దున్నే పేపరు చదివి వినిపించే మనిషి కావాలి."

నాన్న లోపలికి వెళ్ళి, పెరట్లో కోసిన ములక్కాడలు కట్టగట్టి తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. అదే ఆయన ఒప్పుకోవడం.

అలా డిగ్రీ అయ్యేదాకా మేడమ్ గారింట్లో ఉన్నాను. రోజూ మామ్మగారికి పేపరు చదివేదాన్ని. ఆదివారం కొల్లేటి నుంచి తమ్ముడు గారు చేపలు తెచ్చేవారు. మేడమ్ గారు ముళ్ళు తీసి ముందు వాళ్ళమ్మకి పెట్టి, తర్వాత నా కంచంలోకి చూసేవారు. మెట్ట పిల్లకి ముళ్ళు తీసుకోవడం రాదని ఆవిడ బెంగ. ఒకరోజు పేపర్లో గ్రీసు ముసలివాళ్ళు బ్యాంకు ముందు నిలబడ్డ ఫోటో గురించి చదివితే, వాళ్ళకి డబ్బు లేదా అని మామ్మగారు అడిగారు. "ఉందమ్మా. వాళ్ళదేగానీ దానిమీద వాళ్ళ ఒక్కళ్ళ మాటే చెల్లదు" అన్నారు మేడమ్ గారు. మామ్మగారు ఆ రాత్రి ప్రార్థనలో గ్రీసు వాళ్ళని కూడా చేర్చారు.

నాకు ఉద్యోగం వచ్చిన కొన్నేళ్ళకి కొల్లేటి అంచున తమ్ముడు గారి రొయ్యల చెరువులు తెగులు తగిలి పోయాయి. మళ్ళీ వేస్తే మళ్ళీ పోయాయి. మేడమ్ గారు ఎవరికీ చెప్పలేదు. నేను కనిపెట్టి నాన్నతో అన్నాను. ఆయన మర్నాడే ఏలూరు వచ్చారు. అప్పటికి మేము పొగాకు మానేసి పామాయిల్ వేశాం.

"తమ్ముడు గారిని మా దగ్గరికి పంపండి మేడమ్ గారూ. తోటకి నీళ్ళూ అవీ చూసుకునే మనిషి కావాలండి" అన్నారు నాన్న.

తమ్ముడు గారు వెళ్ళారు. కొన్నాళ్ళకే తిరిగొచ్చేశారు. ఎటు చూసినా నేలే, నీళ్ళు కనబడక నిద్ర పట్టడం లేదన్నారు. మళ్ళీ నాన్నే వచ్చి తీసుకెళ్ళారు. ఈసారి భార్యాపిల్లల్ని కూడా. వాళ్ళు కొల్లేటి ఇల్లు ఖాళీ చేసిన రోజు మేడమ్ గారు నాతో ఒక మాటన్నారు.

"మనుషులు పని ఉన్నచోటికి వెళతారని ఇన్నేళ్ళూ క్లాసులో ఒక్క వాక్యంలో చెప్పేశానమ్మా. అది ఇంత బరువని నాకు తెలీలేదు."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ వాక్యం దగ్గరికి రాగానే ఆవిడ సుద్దముక్క కింద పెట్టేవారట. బడి మారిన పిల్లల గురించి, కొత్తచోట నీళ్ళు కూడా వేరే రుచిగా ఉండడం గురించి చెప్పి, అప్పుడు ముందుకు వెళ్ళేవారట. ఇప్పుడు నా క్లాసులో నేనూ అక్కడ ఆగుతున్నాను. లాభనష్టాలు ఒక నిలువు గీతకి అటూ ఇటూ రాసేసి ఊరుకోవడం ఆవిడ దగ్గర చదివినవాళ్ళ వల్ల కాదు.

సమాధి కార్యక్రమానికి చాలామంది వచ్చారు. నాన్న ఉబ్బసంతోనే వచ్చారు. మట్టి వేశాక అందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను ఆఖరున రోడ్డు మీదికి వచ్చేసరికి బస్టాపు బెంచీ మీద నాన్న, తమ్ముడు గారు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. గాలి చల్లగా ఉంది. తమ్ముడు గారు తన తువ్వాలు తీసి నాన్న మెడ చుట్టూ కప్పారు. జంగారెడ్డిగూడెం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పిలిచాడు. ఇద్దరూ శ్మశానం వైపే చూస్తూ ఉండిపోయారు. బస్సు కదిలి వెళ్ళిపోయింది.