మామ మెచ్చిన ఫ్రెంచి నటుడు

ఘుగ్గుస్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మా పక్కింటి మామకు ఒక ఫ్రెంచి హాస్యనటుడంటే ప్రాణం. ఆయన సినిమాలు ఫోన్‌లో చూసి, ఆయనలాగే తలుపుకు గుద్దుకొని, ఆ తలుపుకే వంగి దండం పెట్టేవాడు. "గాయన ఏండ్లకేండ్లు నాటకాలల్ల చిన్న వేషాలే వేసిండు బిడ్డా. నెత్తి మీద జుట్టు పోయినంకనే సినిమాల పేరొచ్చింది" అని మురిసిపోయేవాడు. ఫ్రెంచి ముక్క రాని మామకు ఆయనలో ఏం కనిపించిందో నాకు అంతుపట్టేది కాదు.

పోయినేడు అత్తకు పక్షవాతం వచ్చింది. చంద్రపూర్ ఆసుపత్రిలో ఆమెకు మాట తిరిగొచ్చిన రోజు నేనూ ఉన్నాను. మతి సరిగ్గా ఉందో లేదో చూద్దామని చిన్నవయసు డాక్టరమ్మ మామను చూపించి, "ఈయన పేరేంటి?" అని మరాఠీలో అడిగింది. అత్త కాసేపు తటపటాయించి ఆ ఫ్రెంచి నటుడి పేరు చెప్పింది. డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. నేను కళ్లు మూసుకొని దేవుణ్ణి తలుచుకున్నాను.

మామ మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"మతి మంచిగనే ఉంది మేడం! మొగని పేరు నోట పలకొద్దని పెండ్లైనకాంచి నన్ను పేరు పెట్టి పిలువలే. గిప్పుడు మీరడిగితే చెప్తదా? ఇంట్ల నన్ను ఎక్కిరించే పేరు చెప్పింది!"

డాక్టరమ్మ ఇంకా నమ్మలేదు. "మీ కొడుకు పేరు?" అంది. అత్త వెంటనే చెప్పింది. ఆపైన వంకరపోయిన మూతితోనే, "గా సినిమాలాయన నవ్విస్తడు. ఈయనకు ఏడిపిచ్చుడే వస్తది" అంది.

ఆ మాట వినిపించినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. మామ మాత్రం మంచం పట్టె పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చాడు.