పంటినొప్పితో గుర్రాల బొమ్మల దాకా

నాలుగు రోజులుగా కుడివైపు కింది దవడ పన్ను సలుపుతోంది. అప్పట్లో నేను ఫుజైరా కొండల్లో ఒక రాళ్ల క్రషర్ దగ్గర స్టోర్ చూసేవాణ్ణి. బేరింగులు, బెల్టులు, గ్రీజు డబ్బాలు ఎవరికేం కావాలన్నా నోరు తెరిచి చెప్పాల్సిన పని. నాలుగో రోజుకి నేను నోరు తెరవడం మానేసి వేలితో చూపించడం మొదలుపెట్టాను. అన్నం మానేసి గంజి తాగుతున్నాను. ఫుజైరాలో పళ్ల డాక్టరు వారానికి రెండే రోజులు కూర్చుంటాడు, అదీ మధ్యాహ్నం పన్నెండు దాకానే; ఆ రోజు ఆ రెండింట్లో ఒకటి. కంపెనీ పికప్ తీసుకుని మా ముదీర్, అంటే మేనేజరు, దుబాయ్ వెళ్లాడు, రెండు రోజుల దాకా రాడు.

ఇక మిగిలింది సర్వేయర్ మోటార్ సైకిల్. అమలాపురం దగ్గరి కుర్రాడు, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. నన్ను అన్నగారూ అని పిలిచేవాడు. మంచివాడే, పనిలో ఒక అంగుళం తేడా రానివ్వడు. కానీ తిన్నగా ఒక చోటికి వెళ్లి తిన్నగా తిరిగి రావడం మాత్రం అతని వల్ల అయ్యేది కాదు. ఒకసారి డీజిల్ కాగితం మీద సంతకం పెట్టించుకు రమ్మని సముద్రం ఒడ్డున ఉన్న ఆఫీసుకు పంపితే, సాయంత్రానికి సంచీ నిండా గవ్వలతో వచ్చాడు. సంతకం లేదు.

"నేను దింపుతానండి అన్నగారూ. తొమ్మిదింటికల్లా డాక్టరు ముందు కూర్చోబెడతాను" అన్నాడు.

నేను వేరే దారి లేక ఎక్కాను. ఏప్రిల్ ఆఖరు, ఏడున్నరకే ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. కొత్తగా వేసిన తారు రోడ్డు కావడంతో మొదట్లో బాగానే సాగింది. తలకు తువ్వాలు చుట్టి, దాంతోనే దవడ గట్టిగా బిగించి కట్టుకుని, రెండు చేతులతో అతని నడుం పట్టుకుని కూర్చున్నాను. చిన్న గతుకు వచ్చినా పన్నులోంచి చెవిలోకి, చెవిలోంచి నెత్తికి ఒక తీగ లాగినట్టయ్యేది.

ఊరు ఇంకా అరగంట దూరం ఉందనగా అతను బండి పక్కకు ఆపాడు. కుడిచేతి వైపు కొండల మధ్యకు ఎండిపోయిన వాగొకటి పోతోంది.

"అన్నగారూ, ఈ లోపల ఒక గుహ ఉందంటండి. వేల ఏళ్ల కిందటి బొమ్మలంట, గుర్రాలు, మనుషులు. మన పఠాన్ డ్రైవర్ చెప్పాడు. పదే పది నిమిషాలండి."

"తమ్మీ, ముందు దవాఖాన. నా పన్ను పీకించి, తర్వాత నువ్వు ఏ గుట్ట ఎక్కుతవో ఎక్కు."

"వచ్చేప్పుడైతే ఎండ నెత్తికొచ్చేస్తదండి. ఇప్పుడు ఎనిమిదే కదండి."

"నాకు నొప్పి లేస్తున్నదిరా అయ్యా."

"ఆయ్, తెలుసండి. అందుకే నెమ్మదిగా పోనిస్తాను."

అంటూనే బండి తిప్పాడు. వెనక కూర్చున్నవాడి మాటకు విలువ ఉండదని ఆ రోజు బాగా తెలిసింది. దూకేద్దామా అనుకున్నాను గానీ, దూకితే ఆ కుదుపు ఎక్కడ తగులుతుందో తెలుసు కనుక దూకలేదు.

వాగులో ఇసుక లేదు, అన్నీ గుండ్రాళ్లు. ముందు చక్రం ఒకవైపు, వెనక చక్రం ఒకవైపు పోయేవి. ఫర్లాంగు దూరంలో నాలుగుసార్లు దిగి తోశాను. ఐదోసారి అతనే దిగి "ఇక్కడ పెట్టేసి నడుద్దామండి" అన్నాడు. నడిచాం. ఒక మలుపు, ఇంకో మలుపు. గుహ లేదు. పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. నేను గడియారం చూసినప్పుడల్లా అతను కొండల వైపు చూసేవాడు.

మూడో మలుపులో మేకలు కనిపించాయి, వాటి వెనక ఒక ముసలాయన. సన్నగా, ఎత్తుగా ఉన్నాడు. తలకు పాత గుడ్డ చుట్టుకుని, చేతిలో చిన్న గొడ్డలి తల బిగించిన కర్ర పట్టుకున్నాడు. సర్వేయర్‌కు వచ్చిన అరబ్బీ మొత్తం ఒక జేబులో పడుతుంది. సలాం చెప్పి, "సూరా? సూరా ఎక్కడ?" అని చేతులు తిప్పాడు. సూరా అంటే బొమ్మ. ఫోటోను కూడా అదే మాటతో పిలుస్తారని మాకు అప్పుడు తట్టలేదు.

ముసలాయన మమ్మల్ని పైనుంచి కింది దాకా చూశాడు. తర్వాత తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ శ్రద్ధగా చుట్టుకున్నాడు. గడ్డం దువ్వుకున్నాడు. కర్ర ముందు నిలబెట్టి, ఒక బండ పక్కన కదలకుండా నిలుచున్నాడు. మేం ఫోటో తీయడానికి వచ్చామనుకున్నాడు. మా దగ్గర కెమెరా లేదు.

సర్వేయర్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"హిసాన్, హిసాన్" అని అతను గుర్రంలా చేతులు ఆడించి, బండ మీద వేలితో గీసి చూపించాడు. అప్పటికి ఆయనకు అర్థమైంది. ముఖం కొంచెం చిన్నబోయింది. తల ఊపి ముందు నడవబోయాడు.

"పాపం, ఉసూరుమనిపించాం అన్నగారూ" అని సర్వేయర్ ఆయన్ని ఆపాడు. సంచీలోంచి కొలతల పుస్తకం తీసి, ఆయన్ని మళ్లీ ఆ బండ పక్కనే నిలబెట్టి, పెన్సిల్‌తో బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. నేను రాయి మీద కూలబడ్డాను. ఆ బొమ్మకు పావుగంట పట్టింది. నిజం చెప్పాలంటే బాగా వేశాడు. ముసలాయన చించి ఇచ్చిన కాగితం దూరంగా పట్టుకుని చూసి, దగ్గరగా పట్టుకుని చూసి, కర్ర ఇంకా పొడుగని చేత్తో చూపించాడు. సర్వేయర్ రబ్బరుతో చెరిపి కర్రను పెంచాడు. దానికి ఇంకో ఐదు నిమిషాలు. ఆయన ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి తలగుడ్డలో దోపుకుని "యల్లా" అని ముందు నడిచాడు.

గుహ అన్నది గుహ కాదు. కొండ కొంచెం ముందుకు వంగి నీడ ఇచ్చే చోటు. లోపల మేకల పెంటికలు తప్ప ఏమీ లేవు. బొమ్మలు బయట, ఎండకు నల్లబడిన బండల మీద ఉన్నాయి. రంగులూ లేవు. మొనదేలిన రాయితో పొడిచి పొడిచి వేసిన గుర్రాలు, వాటి మీద పుల్లల్లాంటి మనుషులు, వంకర కొమ్ముల మేకలు. జానెడుకు మించిన బొమ్మ ఒక్కటి లేదు.

"గివేనా?" అన్నాను. "గీటికోసమా నన్ను ఇంత దూరం తెచ్చినవ్? మా చిన్నపిల్ల పలక మీద ఇంతకంటే మంచిగ ఏస్తది."

అతను వినలేదు. బండ ముందు మోకాళ్ల మీద కూర్చుని, పలచటి కాగితం పరిచి, పెన్సిల్ పక్కగా పట్టుకుని రుద్దుతున్నాడు. కాగితం మీద గుర్రం మెల్లగా తేలుతోంది. అయ్యాక టేపు తీసి ఒక కొస నా చేతికిచ్చాడు.

"కొంచెం అక్కడ పట్టుకోండి అన్నగారూ. కొలత లేకపోతే దండగండి."

పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఒక చేత్తో దవడ, ఇంకో చేత్తో టేపు. పదకొండు బొమ్మలు కొలిచాడు. ఒక గుర్రానికి వెనక కాళ్లు లేవు. సగంలో వదిలేసినట్టుంది. దాని ముందు చాలాసేపు కూర్చుని, "ఎందుకు ఆపేశాడంటారండి?" అని అడిగాడు.

"ఆయన ఎంట కూడా పన్ను నొప్పోడు ఎవడో వచ్చి ఉంటడు."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. నవ్వితే నొప్పి.

ముసలాయన అప్పటిదాకా నన్నే గమనిస్తున్నాడు. దగ్గరికొచ్చి నా తువ్వాలు ముట్టుకుని ఏదో అడిగాడు. నోరు తెరిచి చూపించాను. ఆయన నాలుక చప్పరించి, సర్వేయర్ వైపు తిరిగి గట్టిగా నాలుగు మాటలన్నాడు. మాటలు తెలియకపోయినా తిట్టాడని తెలిసింది. ఆ పొద్దు మొత్తానికి నాకు కలిగిన ఒకే ఒక్క సుఖం అది.

పక్కనే రాళ్లు పేర్చి కట్టిన చిన్న ఇల్లు. లోపలి నుంచి ఆయన భార్య చెయ్యి ఒకటే బయటికొచ్చి గిన్నె అందించింది. నూనెలో నానేసి నూరిన లవంగాలు. ఆయన తన వేలితోనే పంటి మీద అద్దాడు. మొదట మంటకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తర్వాత సగం ముఖం మొద్దుబారింది. కాఫీ ఇచ్చారు, ఖర్జూరాలు పెట్టారు. నేను కాఫీ తాగాను. ఖర్జూరాలు సర్వేయర్ తిన్నాడు, నావి కూడా.

ఊరు చేరేసరికి ఒంటిగంట. పళ్ల డాక్టరు గదికి తాళం. నేను మెట్ల మీద కూర్చుని అతనితో మాట్లాడటం మానేశాను. అతను నా ముఖం చూసి, ఆస్పత్రి లోపలికి వెళ్లి, ఎవరినో అడిగి, ఇంకెవరినో బతిమాలి, అరగంటకు డాక్టర్నే వెంటబెట్టుకొచ్చాడు. సూడాన్ ఆయన, భోజనం మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. కోపంగానే తాళం తీశాడు.

సూది పొడిచి, మొద్దుబారే దాకా ఆగాలి కదా. ఆ కాసేపట్లో ఎందుకు ఆలస్యమైందని డాక్టరు అడిగాడు. అడగకూడని ప్రశ్న అది. మావాడు కాగితాలు తీశాడు. బల్ల మీద చోటు లేక నా పొట్ట మీద పరిచాడు. డాక్టరు పటకారు చేత్తో పట్టుకునే వంగి చూశాడు. ఇది ఏ బండ, అది ఎంత ఎత్తు, కొలతలు సరిగ్గా తీశారా అని అడుగుతున్నాడు. కోపం ఎటుపోయిందో పోయింది. నేను నోరు తెరుచుకుని ఇద్దరి గడ్డాలూ కింది నుంచి చూస్తున్నాను. చివరికి మూలిగితే నేనున్నానని గుర్తొచ్చి పన్ను పీకాడు. రెండు ముక్కలుగా వచ్చింది.

తిరుగుదారిలో నోట్లో దూది. "కోపం వచ్చిందాండి?" అని సర్వేయర్ మూడుసార్లు అడిగాడు. వాగు మలుపు దగ్గర బండి కొంచెం నెమ్మదించగానే అతని భుజం పట్టుకుని రోడ్డు వైపు తిన్నగా చెయ్యి చూపించాను. తిన్నగానే పోయాడు.

ఆ వారం ఇంటికి రాసిన ఉత్తరంలో పన్ను పీకించుకున్న సంగతి రాశాను. గుర్రాల సంగతి రాయలేదు. రాస్తే, పంటినొప్పితో ఉన్నోడివి గుట్టల్లోకి ఎందుకు పోయినవని మా ఆవిడ అడుగుతుంది.