నున్నటి గడ్డ

నా కంటి మీద నాకు భలే గర్వం ఉండేది. సూరత్‌లో, లింబాయత్ గల్లీలోని మరమగ్గాల కార్ఖానాలో బట్ట చూసి పాస్ చేసేది నేనే. అడుగున ట్యూబ్‌లైటు వెలిగే గాజుబల్ల మీదుగా బట్టను లాగుతూ, పోగులు లేచినచోట సుద్దతో గీత పెట్టాలి. నున్నగా ఉంటే పాస్. ఇరవై ఏళ్లు అదే పని. సేఠ్ కూడా నా మాటకు ఎదురు చెప్పేవాడు కాదు.

కరోనాకు రెండేళ్ల ముందు నా రొమ్ములో గడ్డ వచ్చింది. మామోగ్రామ్ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. తెల్లటి మచ్చ, దాని చుట్టూ అన్ని వైపులకూ లేచిన పోగులు. ఎవరూ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు, ఏళ్ల తరబడి రోజుకో మాత్ర వేసుకోమన్నారు. ఆ రోజుల్లో నాకు జడ వేసింది, నోట్లో ముద్ద పెట్టింది మా తోడికోడలు. నాకన్నా పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి.

లాక్‌డౌన్‌కు వారం ముందు ఆమెకూ గడ్డ తగిలింది. స్కాన్ చేసినాయన, చూడ్డానికి మామూలు గడ్డలానే ఉంది కానీ సూది పరీక్ష చేయించాల్సిందే అన్నాడు. అంతలో అన్నీ మూతపడ్డాయి. నేను కాపురానికి వచ్చాక ఆ గల్లీలో మగ్గాల చప్పుడు ఆగడం అదే మొదటిసారి.

"చెల్లె, జర నువ్వు చూడవే," అని ఆమె స్కాన్ ఫిల్మును నా చేతికిచ్చింది.

కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. గోళీలా గుండ్రంగా ఉంది. అంచు శుభ్రంగా ఉంది. ఒక్క పోగూ లేవలేదు.

"ఏం గాదక్కా. నా దాని లెక్క లేదు. సాఫ్ మాల్ ఇది, పాస్!" అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

ఆటోలు మళ్లీ తిరుగుతున్న రోజుల్లో, ఒక పొద్దున ఆమె మంచి చీర కట్టుకుని, మాస్కు పెట్టుకుని, చెప్పులు వేసుకుని గడపలో నిలబడింది.

"ఆ సూది పరీక్ష చేపిచ్చుకొని వద్దామా? దవాఖాన తెరిచిన్రట."

"గిప్పుడా? ఆడికి పోతే కరోనా అంటుకుంటది. నేను చూసిన గదా, నున్నగున్నది. దీపావళి అయినంక పోదాం తీ."

ఆమె చెప్పులు విప్పేసింది.

దీపావళికి గడ్డ నిమ్మకాయంత అయింది. చంకలోనూ మరొకటి తగిలింది. అప్పుడు చేశారు సూది పరీక్ష. అక్కకు హిందీ అంతగా రాదని డాక్టరమ్మ నాకే చెప్పింది. నా గడ్డలా పోగులు లేచినట్టు కనిపించేవి చాలావరకు హార్మోన్ రకమట, మెల్లగా పెరుగుతాయి, మాత్రకు లొంగుతాయి. అక్కది ఆ మాత్ర పనిచేయని రకం. అది వేగంగా పెరుగుతుంది. ఒక్కోసారి అంచు నున్నగా ఉండి, మామూలు గడ్డలా కనిపించి మోసం చేస్తుంది. "అందుకే కదా సూది పరీక్ష చేయించమన్నది. ఎందుకు ఆగారు?" అంది.

అక్క నా కొంగు పట్టి లాగింది. "ఏమంటున్నదే?"

"లాక్‌డౌన్ల ఆలస్యమైందట అక్కా."

"దాని పాడుగాను," అని ఆమె లాక్‌డౌన్‌ను తిట్టింది. పోయేదాకా దాన్నే తిట్టింది. మరుసటి ఏడు వానలు పడకముందే పోయింది.

ఇప్పటికీ నేను అదే బల్ల దగ్గర నిలబడుతున్నాను. పోగులు లేచిన బట్టంటే భయం లేదు. నున్నటి బట్ట వచ్చినప్పుడే చేయి ఆగిపోతుంది. వెనక ఎవరో చెప్పులు విప్పుతున్న చప్పుడు వినిపిస్తుంది. అంత మగ్గాల మోతలోనూ వినిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

పొద్దున్నే అక్క బిడ్డ నా మాత్ర, గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతికిస్తుంది. "గా లాక్‌డౌనే మా అమ్మను పొట్టన పెట్టుకున్నది చిన్నమ్మా," అంటుంది. నేను తల ఊపి మాత్ర వేసుకుంటాను.