నెబో కొండ దాకా

2007 నవంబరు 12, సోమవారం. నందిగామ.

మా వదినగారు, అంటే నా భర్తకు అక్కగారు, ఈ నెల ఒకటో తేదీ ఉదయం జగ్గయ్యపేటలో ప్రభువునందు నిద్రించారు. పదకొండు రోజులు ఆగి మన సంఘ పత్రికకు ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఉంది. నిన్న ఆరాధన అయ్యాక ఆమె కొడుకు, మా మేనల్లుడు, సమాధి రాతి మీద చెక్కించే మాటలు కాగితం మీద రాసి మా ఇంటికి తెచ్చి చూపించాడు. ఆమె పేరు చివర జె.పి., అంటే జెరూసలేం పిల్‌గ్రిమ్, అని ఉంది. యెరూషలేము యాత్ర చేసి వచ్చినవారు పేరుకు ఆ రెండక్షరాలు తగిలించుకోవడం మనలో ఉన్నదే. ఆమె బతికుండగా ఒక్కనాడూ పెట్టుకోలేదు.

పేట చర్చిలో ఆమె నలభై ఏళ్ళు సండేస్కూలు చెప్పారు. శనివారం సాయంత్రం గచ్చు కడిగి, ఆరాక, సుద్దముక్కతో పరిశుద్ధ దేశం పటం గీసేవారు. ముందు యొర్దాను నది, తర్వాతే ఊళ్ళు. మర్నాడు పిల్లలు ఆ పటం మీద నడుస్తూ పాఠం నేర్చుకోవాలి. నేను హైస్కూల్లో స్కేలు పెట్టి పటాలు గీయించినదాన్ని. యెరికో ఉండవలసినదానికన్నా చాలా పెద్దదిగా ఉందని ఒకసారి తప్పు పట్టాను.

"గోడ కూలేదాకా పిల్లలందరూ చుట్టూ తిరగాలి కదమ్మాయ్, చోటు చాలొద్దూ" అన్నారు. నాకు మనవలు పుట్టినా ఆమెకు నేను అమ్మాయినే.

రెండువేల సంవత్సరంలో ఇరవై ముగ్గురం యాత్రకు బయలుదేరాం. ఐగుప్తు చూశాం, సీనాయి ఎక్కాం, యొర్దాను దేశం చేరాం. అంతలో నది అవతల గొడవలు మొదలయ్యాయి. దాటించడం కుదరదన్నారు. వెనక్కి తిప్పే ముందు నెబో కొండ ఎక్కించి, వాగ్దాన దేశంలో అడుగుపెట్టకుండానే మోషే దాన్ని చూసిన చోటు నుంచే మీరూ చూడండన్నారు. ఆ రోజు కొండ కింద అంతా దుమ్ము తెర. గైడు చెయ్యి చాపి అదిగో యెరికో, ఆ వెనక యెరూషలేము అన్నాడు. అందరూ కనబడిందన్నారు. నేనూ అన్నాను.

వదినగారు కొంగు నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు. "నాకేం కనబళ్ళేదండి. ఎంత దూరం ఉంటదో అడగండి" అన్నారు. యెరికో పాతిక ముప్పై కిలోమీటర్లని చెప్పారు. "అంటే నందిగామ నుంచి పేట అంతేగా" అన్నారు. బస్సు హారను కొట్టేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

తిరిగొచ్చాక యాత్ర ఏజెంటు అందరికీ యెరూషలేము దర్శించినట్టు పత్రాలు ఇచ్చాడు. కృతజ్ఞత కూడికలో దండలు వేశారు. వదినగారు దండ వేయించుకున్నారు గాని, "వెళ్ళినప్పుడు తీసుకుంటాలెండి" అని పత్రం వెనక్కి ఇచ్చేశారు.

తర్వాత రెండుసార్లు పేరిచ్చారు. మొదటిసారి యాత్రే ఆగిపోయింది. రెండోసారికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. మా ఇంటికి వచ్చి వెళ్ళేటప్పుడు పేట బస్సెక్కి, కిటికీలోంచి "ఈపాటి దూరమే మిగిలింది అమ్మాయ్" అనేవారు. ప్రతిసారీ అదే మాట. నేను నవ్వి చెయ్యి ఊపేదాన్ని.

యాత్ర నుంచి వచ్చాక కూడా పటం గీయడం మానలేదు. నది గీత మాత్రం దాటలేదు. అంతకుముందు కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పిల్లలతోపాటు యెరికో చుట్టూ తిరిగిన మనిషి, తూర్పు ఒడ్డున నిలబడి పొడుగాటి కర్రతో ఊళ్ళు చూపించేవారు. పిల్లలు చెయ్యి పట్టుకుని లాగితే "మీరెళ్ళి రండి, నేనిక్కడుంటా" అనేవారు. మొదట్లో అది పంతం అనుకున్నాను.

నిన్న మేనల్లుణ్ణి ఆ అక్షరాలు తీసెయ్యమన్నాను.

"అందరికీ ఉన్నాయిగా అత్తయ్యా. అమ్మకి లేకపోతే వెళ్ళలేదనుకుంటారు."

వెళ్ళలేదు కదా అన్నాను. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి మీ గేటు మీదో?"

మా గేటు పక్క నల్లరాతి పలక మీద నా పేరు చివర ఏడేళ్ళుగా ఆ రెండక్షరాలు ఉన్నాయి. బడిలో అర మార్కు ఎక్కువ పడినా దిద్దించినదాన్ని. లోపలికెళ్ళి వాడికి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

నెబో మీద నాకూ ఏమీ కనబడలేదు. ఆ మాట ఆమెతో చెప్పి ఉండవలసింది. ఇద్దరం కలిసి ఎదురుచూసేవాళ్ళం.

ఇక జరగవలసినవి:

1. సమాధి రాతి మీద ఆమె పేరు, రెండు తేదీలు చాలు. వెళ్ళేటప్పుడు మేనల్లుడు ఒప్పుకున్నాడు. శుక్రవారంలోగా రాయి చెక్కే అతనికి కొత్త కాగితం అందాలి.

2. నా గేటు పలక మీద ఆ రెండక్షరాలు రేపే అరగదీయించాలి. మచ్చ కనబడితే కనబడనీ.

3. మిగతా ఇరవై ఒక్కరి సంగతి వారి ఇష్టం. నన్ను అడగవద్దు.

4. శనివారం నేనే పేట వెళ్ళి పటం గీస్తాను. ముందు నది. యెరికో పెద్దదిగానే. నదికి తూర్పున ఒక మనిషి నిలబడేంత చోటు ఖాళీగా ఉంచుతాను.