మట్టి పూసిన గుండిగ

మొన్న మా అమ్మాయి సజ్జ మీది సామాను దించుతూ ఒక ఇత్తడి గుండిగను తెచ్చి నా ముందు దబ్బున పెట్టింది. "గిదెవలదే అమ్మా? దీని మీద వేరేటోళ్ల పేరున్నది" అని అడిగింది. మా అమ్మాయికి ఇంట్లోని పాత సామానంతా కిలోల లెక్కనే కనబడుతుంది. పాత సామాన్ల బండివాడు వస్తే నన్ను కూడా తూకం వేయిస్తుందేమోనని నాకు అనుమానం. కొంగుతో దుమ్ము తుడిచి చూశాను. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు అలాగే ఉన్నాయి. పక్కింటి అక్క పేరు. ఆమె పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన గుండిగ అది. "మనదే" అన్నాను. "మరి పేరు?" అంది. "పేరు ఆమెది, గుండిగ మనది" అన్నాను. అమ్మకు మతి తప్పుతోందన్నట్టు ఒక చూపు చూసి, మళ్లీ స్టూలెక్కింది. దానికి సరిగ్గా జవాబు చెప్పాలంటే మా బావ సంగతంతా చెప్పాలి. అవి నక్సలైట్ల రోజులు. అవి గుర్తొస్తే నాకు ఒక చోట కాలు నిలవదు. వాకిట్లోకీ వంటింట్లోకీ ఊరికే తిరుగుతాను. మొన్న కూడా పొయ్యి మీద పాలు పొంగి పోయేదాకా అట్లాగే తిరిగాను.

నేను సిరిసిల్ల పిల్లను. మగ్గాల చప్పుడులో పుట్టి, మగ్గాల చప్పుడులో పెరిగాను. మా వాడకట్టులో చప్పుడు ఆగిందంటే కరెంటు పోయిందనో, మనిషి పోయాడనో లెక్క. కోరుట్లకు కోడలుగా వచ్చినప్పుడు ఇక్కడి నిశ్శబ్దానికి కొన్నాళ్లు నిద్ర పట్టలేదు. నా పెనిమిటి దుబాయిలో ఉండేవాడు. ఇంట్లో అత్తమ్మ, నేను, చంకలో ఈ పిల్ల. నన్ను కాపాడింది మా అరుగు మీద కూర్చునే బీడీల ఆడవాళ్లు. పొద్దున పనులు కాగానే చాటలు ఒళ్లో పెట్టుకుని చేరేవాళ్లు. చేతులు బీడీలు చుడుతుంటే నోళ్లు ఊరంతా చుట్టి వచ్చేవి. అందరిలోకీ గట్టి నోరు పక్కింటి అక్కది. ఎవరి అత్త ఎట్లా నడుస్తుందో, ఎవరి మొగుడు ఎట్లా తుమ్ముతాడో కూర్చున్న చోటు నుంచే చేసి చూపించేది. మా అత్తమ్మ నడక కూడా చేసేది, మా అత్తమ్మ ముందరే. ఆ నవ్వులు వింటూ ఉంటే నాకు సిరిసిల్లలో ఉన్నట్టే ఉండేది.

బావ అంటే నా పెనిమిటికి అన్న. సారంగాపూర్ అవతల ఒక పల్లెలో ఉండి చుట్టుపక్కల బావుల మోటార్లు బాగుచేసేవాడు. పెళ్లి మాటెత్తితే ఎక్కడో మోటారు కాలిందని లేచిపోయేవాడు. అడవిలో ఉండేవాళ్లను అందరం అన్నలనే అనేవాళ్లం. ఒకనాడు ఆ అన్నలు బావ ఇంటికి వచ్చి అన్నం అడిగారు, పెట్టాడు. తుపాకీ భుజాన వేసుకున్నవాడు అడిగితే ఎవరు మాత్రం పెట్టరు? ఆ సంగతి తెలిసి పోలీసులు తీసుకుపోయారు. కొన్నాళ్లకు వదిలేశారు. ఆయన చేసిన నేరమల్లా బతికి రావడమే. "ఏదో ఒకటి చెప్పే ఉంటడు, లేకుంటె గంత జల్ది ఇడుస్తరా?" అని ఎవరో అన్నారట. అన్నది ఎవరో తెలియదు, కానీ ఊరంతా విన్నది. అక్కడ ఉండలేక ఒక సంచీ, మోటార్లు విప్పే పానాల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. ఆయన ఎక్కిన బస్సు కంటే ముందు బస్సులోనే ఆ మాట కూడా కోరుట్లలో దిగింది.

ఆయనతో మాట్లాడితే పోలీసులు పిలుస్తారని కొందరి భయం, అన్నలు పిలుస్తారని కొందరి భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెప్పాలంటే మా మీద ఎవరికీ కోపం లేదు. కోపం ఉంటే తిట్టుకునైనా మాట్లాడేవాళ్లం. బీడీల ఆడవాళ్లు ఒకరోజు చాటలు తీసుకుని వీధి ఆ చివరి అరుగు మీదికి మారిపోయారు. పక్కింటి అక్క కూడా పోయింది. మంగలి రేపు రమ్మనేవాడు, ఆ రేపు వచ్చేది కాదు. హోటల్లో బావ బెంచీ మీద కూర్చుంటే మిగతావాళ్ల చాయ్ గబగబా అయిపోయేది. అప్పుడప్పుడు వీధి చివర పోలీసు జీపు వచ్చి ఆగేది. ఏమీ చేసేది కాదు, ఆగేది, అంతే. అది ఉన్నా లేకపోయినా అందరం మాట్లాడే ముందు అటు చూడటం నేర్చుకున్నాం.

బావ చేతులకు పని లేక ఇల్లు విప్పడం మొదలుపెట్టాడు. మొదట టేబుల్ ఫ్యాను విప్పి బిగించాడు. తర్వాత రేడియో. తర్వాత గోడ గడియారం. బిగించిన ప్రతిసారీ ఒక మర మిగిలేది, దాని కోసం మళ్లీ విప్పేవాడు. "ఇంట్ల తిరిగేదొక్కటన్న ఉంచురా కొడుకా" అని అత్తమ్మ మొత్తుకునేది. పని లేనప్పుడు గోడ నుంచి గడప దాకా, గడప నుంచి గోడ దాకా నడిచేవాడు. ఆయన ఆగితే నేను నడిచేదాన్ని. ఒకరోజు నేను వెలుతురుండగానే తలుపు వేసుకుని, ఎవరితోనైనా నాలుగు మాటలాడాలనిపించి, చంటిపిల్లకు పక్కింటి అక్కలాగా మా అత్తమ్మ నడక చేసి చూపించాను. పిల్ల నవ్వింది. నాకే ఏడుపొచ్చింది.

అత్తమ్మ ఒకరోజు అన్నం ముందు పెట్టి అసలు మాట బయటపెట్టింది. "నువ్వు పాణంతోని ఇంటికి అత్తె కొండగట్టు అంజన్న మాల ఏపిస్తనని మొక్కిన. మొక్కు ఉంచుకుంటె మంచిది కాదు."

"నువ్వు మొక్కినవు, నువ్వే ఏసుకో. నన్నడిగి మొక్కినవా?" అన్నాడు బావ. దేవుడంటే ఆయనకు ఫ్యూజుల్లేని మీటరు, ఉన్నా లేనట్టే.

"నిన్నెట్ల అడుగుదు? నువ్వు ఠాణల ఉంటివి."

 బావ తాను విప్పి పడేసిన రేడియో వైపు చూశాడు. "సరే తీ. ఇంట్ల కూసునుడు కన్న చన్నీళ్ల తానం నయం" అన్నాడు. ఇద్దరూ బస్సెక్కి కొండగట్టు పోయి వచ్చారు. బావ మెడలో మాల, ఒంటి మీద కాషాయం, కాళ్లకు చెప్పులు లేవు. పూజారి పేరూ గోత్రమూ తప్ప ఇంకేమీ అడగలేదట. ఠాణాలో అడిగినవాటి తర్వాత ఆయనకు అదే పెద్ద వరమనిపించిందట.

మాల వేసుకున్నవాళ్లను చూసినవాళ్లకు తెలుసు, మాలలో మనిషికి పేరుండదు. దర్జీ అయినా స్వామే, సేటు అయినా స్వామే. ఆడవాళ్లంతా మాతలు. బావ నన్ను "మాతా, ఇంత మజ్జిగ" అని అడుగుతుంటే నవ్వాపుకోలేక నేను వంటింట్లోకి పారిపోయేదాన్ని. హనుమండ్ల గుడి దగ్గర తాటాకు పందిరి కింద మా వైపు స్వాములంతా పొద్దున, సాయంత్రం పూజ చేసేవాళ్లు. గురుస్వామి మా వీధి దర్జీయే, మితభాషి. బావ పోయి పందిరి చివర కూర్చున్నాడు. రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లు లేరు. మూడోనాడో నాలుగోనాడో పూజ నుంచి వచ్చి గడపలోనే నిలబడిపోయాడు. "జరుగుమన్నడు" అన్నాడు. ఎవరని అడిగాం. "హోటలాయన. గాయిన సుత మాలేసిండు గద. 'జెర జరుగు స్వామీ' అన్నడు. నాతోనే." అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. పక్కకు జరగమంటే మురిసిపోయే గతి పట్టించారు కదా మనిషికి అనుకున్నాను. మండుతూనే, ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని విన్నాను.

రోజుకొక స్వామి ఇంట్లో అందరికీ మధ్యాహ్నం భోజనం. దాన్ని భిక్ష అంటారు. పిలిస్తే స్వామి రానని అనకూడదు. మా వంతు వచ్చింది. "ఎల్లుండి మా ఇంట్ల భిక్ష" అని బావ అనగానే పందిరంతా నేల చూపులు చూసిందట. గురుస్వామి ఒక్కడే "మంచిది స్వామీ" అన్నాడట. పందిట్లో పక్కన కూర్చోవడం వేరు, మా గడప తొక్కడం వేరు. ఆ సాయంత్రం అత్తమ్మ లేనిది చూసి బావ నాతో మెల్లగా అన్నాడు. "మాతా, వాళ్లు రాకుంటె నేను మాల తీసి బొంబాయి పోత. మల్ల రాను. అమ్మకు నువ్వే చెప్పాలె." మాల నడుమ తీయడం ఎంత దోషమో ఆ నాస్తికుడికి కూడా అప్పటికి తెలుసు. ఆ మాట మోస్తూ నేను ఆ రెండు రోజులూ ఎట్లా తిరిగానో నాకే తెలియదు. పప్పు నానబోసి, నానబోసిన సంగతి మరిచిపోయి, మళ్లీ నానబోశాను.

అంతమందికి వండే గిన్నె మా ఇంట్లో లేదు. షామియానా దుకాణానికి పోతే సామానంతా పెళ్లికి పోయిందన్నాడు, వాడి వెనక గిన్నెలు కొండలా కనబడుతూనే ఉన్నాయి. భిక్ష రోజు తెల్లారి వాకిలి ఊడ్చడానికి లేస్తే, మా రెండిళ్ల నడుమ గోడకు ఇవతల, బట్టలుతికే బండ మీద ఈ గుండిగ బోర్లించి ఉంది. కట్టెల పొయ్యి మసి అంటకుండా గిన్నె అడుగున మట్టి పూయడం అందరూ చేసేదే. దీనికి మాత్రం అడుగు నుంచి అంచు దాకా మందంగా మట్టి పూసి ఉంది. ఎంత పనిమంతురాలైనా అంచుకు మట్టి పూస్తుందా? గోడ మీదుగా చూశాను. పక్కింటి తలుపు వేసి ఉంది. ఆలోచించే తీరిక లేక గుండిగ పొయ్యి మీదికెక్కించాను.

మామిడికాయ పప్పు, పచ్చిపులుసు, పరమాన్నం. ఉల్లి, వెల్లుల్లి లేకుండా. విస్తర్లు వేశాం. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎవరూ రాలేదు. వీధి చివర జీపు వచ్చి ఆగింది. బావ అరుగు మీద కూర్చుని మోకాలు ఆడిస్తున్నాడు, ఆ అదురుకు అరుగు మీది చెంబులో నీళ్లు కదులుతున్నాయి. "రాకుంటె నేనే పోయి ఒక్కొక్కణ్ణి రెక్క పట్టి గుంజుకస్త" అని అత్తమ్మ కొంగు బిగించింది. నేను అన్నం మీద మూత తీసి చూడటం, పెట్టడం, తీసి చూడటం. నా మెదడులో బొంబాయి బస్సు బయలుదేరిపోయింది.

అప్పుడు భజన తాళాల చప్పుడు వినబడింది. మా పందిరి స్వాములే కాదు, అవతలి రెండు వాడకట్టుల స్వాములు కూడా. గురుస్వామి ముందు రోజంతా తిరిగి పిలుచుకొచ్చాడట. వీధి నిండా కాషాయం. నలుగురు వస్తే ఎవరెవరో తెలుస్తుంది, అంతమంది వస్తే ఎవరిని గుర్తుపెట్టుకుంటారు? జీపు దగ్గర ఒక పోలీసాయన చేయి అడ్డం పెట్టాడు. ఎక్కడికని అడిగాడు. "భిక్షకు సారూ" అన్నాడు గురుస్వామి. పేరేందని అడిగాడు. "స్వామి." వెనకవాణ్ణి అడిగాడు. "స్వామి." ఆ వెనక హోటలాయన. ఆయన మెడలోని మాలను గుప్పిట పట్టుకున్నాడు కానీ మాట మార్చలేదు. "స్వామే సారూ." పోలీసాయన వాళ్ల కాళ్ల వైపు చూశాడు, తారు మీద నిలబడలేక ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తున్నారు. "పోండ్రి పోండ్రి, కాళ్లు కాలుతయి" అని పక్కకు తప్పుకున్నాడు. బావ చెంబు తీసుకుని కాళ్లకు నీళ్లు పోయడానికి లేచాడు. ఎవరి కాళ్ల మీద పోస్తున్నాడో ఆయనకు కనబడలేదు, కళ్ల నిండా నీళ్లే.

అన్నం చాలలేదు. మళ్లీ ఎక్కించాను. అంత చప్పుడు మా ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ లేదు. ఆ చప్పుడుకు పిల్ల హాయిగా నిద్రపోయింది, తల్లి పోలిక.

మరునాడు గుండిగ తోముతుంటే అంచు దగ్గర మట్టి కరిగి అక్షరాలు బయటపడ్డాయి. అప్పుడు అర్థమైంది ఆ మట్టి మసి కోసం కాదని. తళతళా తోమి గోడ దగ్గరికి పట్టుకుపోయి "అక్కా, నీ గుండిగ" అన్నాను. ఆమె ముందు వీధి చివరకు చూసింది. తర్వాత గుండిగను చూసింది. నన్ను చూడలేదు. "గిది మాది కాదు" అంది. పేరు మీద వేలు పెట్టాను. "కాదని చెప్తున్న గద. నీ దగ్గర్నే ఉండనియ్యి" అని లోపలికి పోయింది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. గుండిగను చంకన పెట్టుకుని వెనక్కి వచ్చాను.

మాల తీసే రోజు వచ్చింది, తీశారు. అందరూ ఒక్కసారిగా మారిపోలేదు. కొందరు మళ్లీ తల తిప్పుకున్నారు. కానీ అన్నం తిన్న ఇంటిని పూర్తిగా మరిచిపోవడం అంత సులువు కాదు. గురుస్వామి తన కుట్టుమిషన్ మోటారు తెచ్చి బావకు ఇచ్చాడు, అది చెడిపోలేదని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత నిజంగా చెడిపోయినవి కూడా రాసాగాయి. హోటలాయన బావను చివరిదాకా స్వామీ అనే పిలిచాడు. ఠాణాలో ఏం జరిగిందో, ఏం అడిగారో బావ ఎవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు. వర్షాలు పడ్డాక బీడీల చాటలు ఒక్కొక్కటే మా అరుగు మీదికి తిరిగొచ్చాయి. పక్కింటి అక్క అందరికంటే ఆఖరున వచ్చింది. వచ్చిన రోజే మా అత్తమ్మ నడక చేసింది.

కొన్నేళ్లకు వాళ్లమ్మాయి పెళ్లి కుదిరినప్పుడు గోడ దగ్గర నిలబడి, "ఓ పిల్లా, నీ గుండిగ ఒకపారి ఇస్తవా?" అని అడిగింది. "జాగ్రత్తక్కా, సొట్ట పడితె ఊకోను" అన్నాను. చింతపండుతో తోమి, మెరిసేలా చేసి తిరిగి ఇచ్చింది. అప్పటి నుంచి ప్రతి పండక్కీ తన గుండిగను నా దగ్గర అడిగి తీసుకుపోయేది, తెచ్చి ఇచ్చేది. రెండిళ్ల పిల్లలూ దాన్ని మాదే అనుకున్నారు, అంచు కింద పేరు ఎవరూ చదవలేదు. ఆ మట్టి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అక్క పోయినేడు కాలం చేసింది.

నిన్న పొద్దున గుండిగ తోమి వాళ్లబ్బాయికి ఇద్దామని పట్టుకుపోయాను. వాడు పేరు చదివి ఆశ్చర్యపోయాడు. "గిది మా అమ్మ పేరే గద చిన్నమ్మా! మీ ఇంటికెట్ల అచ్చింది?" అన్నాడు. మొదటి నుంచీ చెబుదామనుకున్నాను. నోరు తెరిచే ముందు వీధి చివరకు చూశాను. అక్కడ మంచినీళ్ల క్యాన్ల ఆటో ఒకటి ఆగి ఉంది. జీపు లేదు, ఎన్నో ఏళ్లుగా లేదు. ఆ రోజులు వెళ్లిపోయాయని ఊరందరికీ ఎప్పుడో తెలిసిపోయింది, అటు తిరిగే నా మెడకే ఇంకా తెలియలేదు.