శ్రావణానికి రావలసిన బండి

మా ఆయన రామలింగయ్య ఏ చీరనూ ముఖం వైపు చూసి కొనలేదు. మగ్గం మీద నుంచి దిగిన చీర ఎవరు తెచ్చినా ముందు తిరగేసేవాడు. వెనకవైపు పోగులు, ముడులు, జరీ దాటిన చోట్లు వేలితో తడిమి చూసేవాడు. "ముఖానికేమప్పా, అందరూ పౌడరు పూసుకుంటారు. వీపు చూపించు" అనేవాడు. నేసేవాళ్లు కొందరు నవ్వేవాళ్లు, కొందరు వీధి మలుపు తిరిగాక తిట్టుకునేవాళ్లు. అయినా చీర ఈయనకే తెచ్చేవాళ్లు. ఈయన సరే అన్న చీరను పెనుకొండలోగానీ హిందూపురంలోగానీ ఏ షాపువాళ్లూ మళ్లీ విప్పి చూసేవాళ్లు కాదు.

చిన్నప్పుడు ధర్మవరంలో వాళ్ల నాయన పక్కన మగ్గం గుంతలో కూర్చుని నేత నేర్చుకున్నాడు. మోకాళ్లు పట్టుకుపోయాక మగ్గం వదిలి, చీరల మూట భుజాన వేసుకుని బస్సెక్కాడు. హిందూపురం షాపువాళ్లు కన్నడం కలిపి బేరమాడితే ఈయనా కన్నడం కలిపే తిప్పికొట్టేవాడు. మాకు పిల్లలు లేరు. ఆయన అక్క సోమక్క కొడుకు మోహన్ మా ఇంట్లోనే సగం పెరిగాడు. సరుకుల ఆటో నడుపుతాడు.

కిడ్నీలు పోయాయని తెలిశాక వారానికి మూడుసార్లు రక్తం కడిగించుకోవాలన్నారు. మా ధర్మవరంలో చోటు దొరకలేదు, హిందూపురంలో దొరికింది. సోమవారం, బుధవారం, శుక్రవారం. చీరల మూటతో తిరిగిన దారే, అదే బస్సు. ఇప్పుడు మూట బదులు నేను పక్కన ఉండేదాన్ని.

అందరూ సూది నొప్పి గురించే అడిగేవాళ్లు. ఆయన్ని వేధించింది సూది కాదు, దాహం. ఆ జబ్బు మనిషి తాగిన నీళ్లు బయటికి పోవు. ముందు కాళ్లకు దిగుతాయి, తర్వాత ఊపిరి దగ్గరికి ఎక్కుతాయి. అందుకని రోజుకు ఒక చిన్న చెంబు నీళ్లే తాగాలన్నారు. మా ఎండల్లో చెంబు నీళ్లు ఏ మూలకు? నోరు పుక్కిలించి ఉమ్మేసేవాడు. అప్పుడు ఆయన గొంతు కదులుతుందా అని నేను చూసేదాన్ని. నేను చూస్తున్నానని ఆయనా చూసేవాడు. మా ఇద్దరి మధ్య అంతకంటే పెద్ద మాటలు ఆ రోజుల్లో లేవు.

ఇంట్లో తడిగుడ్డ కప్పుకుని ఎట్లాగో ఓర్చుకునేవాడు. బస్సులో కుదరదు. కిటికీలోంచి వేడిగాలి కొడితే పెదవులు పగిలేవి. ఇంటికి చేరేసరికి నీళ్ల బిందె వైపు చూసే చూపు వేరుగా ఉండేది. అట్లా రెండుసార్లు ఎక్కువ తాగి, ఊపిరి ఆడక, ఇద్దరు పట్టుకుంటే గానీ మంచం మీద కూర్చోలేకపోయాడు. "చల్లగా పోయి చల్లగా వచ్చే దావ చూసుకోండి, లేకపోతే ఈ మనిషి నిలబడడు" అని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

ఏసీ కారు అయితేనే కుదిరేది. పెట్రోలు పోయించి వారానికి మూడుసార్లు తిరగడం మా వల్ల కాదు. కరెంటు కారు చిన్నది, తక్కువలో వస్తుందని మోహనే కనుక్కొచ్చాడు. "ఒకసారి ఛార్జి పెడితే పోయి రావచ్చంట మామా" అన్నాడు.

"అంట కాదురా. పోయొస్తాదా లేదా, అది చూడల్ల" అన్నాడు మా ఆయన.

ఎప్పుడు చూడాలో కూడా ఆయనే తేల్చాడు. వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం, రక్తం కడిగించుకుని బయటికి వచ్చిన వెంటనే. ఆ సమయంలో ఆయనకు కాళ్లు పీకుతూ, కళ్లు తిరుగుతూ ఉండేవి. "రేపు రావచ్చు కదా, కాస్త తేరుకున్నాక" అన్నాను. "తేరుకున్నాక ఏ బండైనా బాగుంటాది పుష్పా. నేను పడిపోయినప్పుడు ఎట్లుంటాదో చూడల్ల కదా" అన్నాడు. బండి వీపు చూడడమంటే ఆయనకు అదే.

హిందూపురం షోరూములో లక్ష్మీకాంత్ అనే అబ్బాయి మాకు బండి చూపించాడు. మంచి మాటకారి. తెరలు, పాటలు, వెనక కెమెరా అన్నీ చూపించాడు. మా ఆయన వెనక సీటు తలుపు తీసి, ఏమీ అడక్కుండా అందులో పడుకున్నాడు. కాళ్లు పట్టలేదు. నన్ను కూర్చోమని నా ఒళ్లో తల పెట్టుకున్నాడు. మోకాళ్లు ముడిస్తే అప్పుడు పట్టాయి.

"ఇంగ పోనీ. పెనుకొండ దాకా పోయి వద్దాం" అన్నాడు.

"సార్, టెస్ట్ డ్రైవ్ అంటే ఊళ్లో ఒక రౌండు..."

"పెండ్లి చీర కొనేవాళ్లకు కొంగు ఒకటి చూపించి పంపితే ఊరుకుంటారా అప్పా? మడత విప్పమంటే విప్పుతాం. నువ్వూ విప్పు."

లక్ష్మీకాంత్ లోపలికి పోయి అడిగొచ్చి, ముందు సీట్లో కూర్చున్నాడు. మోహన్ తోలాడు. బండి చప్పుడు లేకుండా కదిలింది. బయట తారు మీద ఎండ నీళ్లలా మెరుస్తుంటే లోపల చల్లగా ఉంది. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటే సడలడం నేను పైనుంచి చూశాను. ఆ జబ్బు వచ్చాక దారిలో ఆయన నిద్రపోవడం అదే మొదలు.

సోమందేపల్లి దాటాక ఆయన నాలుక బయటికి వచ్చి పెదవులు తడుముకుంది. కళ్లు తెరవలేదు. మళ్లీ తడుముకుంది. నేను ముందుకు వంగి గాలి వచ్చే చోట చెయ్యి పెట్టాను. గాలి వస్తోంది గానీ చల్లదనం లేదు.

"ఏసీ ఆపినావా నాయనా?" అన్నాను.

లక్ష్మీకాంత్ వెనక్కి తిరగలేదు. "ఫ్యాన్ మీద ఉండాది మేడమ్. ఛార్జి బాగా చూపిస్తాదని..."

మోహన్ బండి పక్కకు తీశాడు. "ఏమన్నా, లోపల పేషెంటు ఉండాడని తెల్దా నీకు?"

మా ఆయన కళ్లు తెరిచి నవ్వాడు. కోపం రాలేదు ఆయనకు. "తిట్టొద్దులేరా. మాసిన చీరను నేనూ లైటు కింద పెట్టి చూపించినోణ్ణే. ఏసీ వెయ్యి నాయనా, గట్టిగా వెయ్యి. ఇప్పుడు చూద్దాం."

అక్కడి నుంచి ముందు తెర మీద అంకెలు గబగబా దిగాయి. పెనుకొండ కొండ కనబడగానే, కార్ల ఫ్యాక్టరీ దాటి వెనక్కి తిరిగాం. హిందూపురం చేరేసరికి ఛార్జి సగం కంటే తక్కువే మిగిలింది. అంటే ధర్మవరం నుంచి వస్తే హిందూపురం చేరుతుంది. తిరుగుదారిలో పెనుకొండ దాటాక ఎక్కడో ఆగిపోతుంది.

"హైవే మీద ఛార్జింగ్ పాయింటు ఉండాది సార్. గంట కూర్చుంటే చాలు" అన్నాడు లక్ష్మీకాంత్.

"డయాలిసిస్ అయినోడు గంట యాడ కూర్చుంటాడబ్బా, ఆ ఎండలో?"

మేము షోరూములోంచి లేవబోతుంటే లక్ష్మీకాంత్, "సార్, ఆస్పత్రి దగ్గర గట్టి ప్లగ్గు ఒకటి దొరికితే చాలు. మీరు లోపల ఉండేంతసేపు ఎక్కుతాది" అన్నాడు. తప్పు చేసినందుకు సిగ్గుపడ్డాడేమో, ఆ మాట నిజం చేయడానికి వాడూ మాతోపాటే బండిలో వచ్చాడు.

ఆసుపత్రిలో ప్లగ్గు ఇవ్వడం కుదరదన్నారు. ఎదురుగా అంకమ్మ టిఫిన్ హోటలుంది. ప్రతిసారీ నేను ఇడ్లీ తినేది అక్కడే. మోహన్ అడిగితే ఆమె పిండి రుబ్బే గ్రైండరు ప్లగ్గు చూపించింది. "ఇది తిరిగేది తెల్లారుజామున. పగలంతా సోమరిపోతు మాదిరి ఊరికే పడుంటాది, నా మొగుడి లెక్క. పెట్టుకో పో." కరెంటుకు దుడ్లు ఇస్తానంటే, "ఇస్తే తీసుకుంటాలే, సన్నాసి కొంపేం కాదు నాది" అంది.

వైరు తగిలించి అందరం తెర వైపు చూస్తూ నిలబడ్డాం. అంకె ఒకటి పెరిగింది. కాసేపటికి ఇంకొకటి. మా ఆయన అంకమ్మ బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడు. డయాలిసిస్‌కు పట్టేంత సేపటికి ఎంత ఎక్కుతుందో మోహన్ వేళ్ల మీద లెక్క పెట్టాడు. ఇల్లు చేరడానికి సరిపోయి, కాస్త మిగులుతుంది.

"బండి మంచిదే" అన్నాడు మా ఆయన. ఆయన ఆ మాట అన్నాడంటే ఇక తిరుగులేదు. స్విచ్చు కొంచెం వేడెక్కిందని అంకమ్మ చెయ్యి పెట్టి చూసింది. "బండి వచ్చేలోపల కొత్తది వేయిస్తా" అంది. మరుసటి వారం ఆయన బండికి చెప్పేశాడు.

బండి వచ్చిందని లక్ష్మీకాంత్ ఫోన్ చేసేసరికి ఆషాఢం పడింది.

సోమక్క వచ్చి గడపలో కూర్చుంది. "ఆషాఢంలో కొత్త బండి గడప దగ్గరికి రానీయొద్దు తమ్ముడా. అసలే ఒంట్లో బాగలేనోనివి" అంది.

మోహన్ తల్లి మీదికి లేచాడు. "బండికి ఆషాఢమేందమ్మా? మామకు దాహం పంచాంగం చూసుకోని వస్తాదా?"

మా ఆయన వాణ్ణి ఆపాడు. "ఉండ్రా. ఆషాఢంలో నా దగ్గర పెండ్లి చీర ఎవరన్నా కొన్నారా ఎప్పుడన్నా? తగ్గించి ఇస్తామన్నా తాకరు. అదే చీర శ్రావణం రాగానే కండ్లకద్దుకోని తీసుకుంటారు. బతుకంతా ఆ శ్రావణాన్ని నమ్ముకునే తిన్నాను. నా బండికి మాత్రం వద్దంటే ఎట్లరా? మొదటి శుక్రవారం తెచ్చుకుందాం. అంతవరకు బస్సు ఉండాది కదా."

అన్నీ తిరగేసి చూసిన మనిషి ఆ ఆషాఢం మాటను మాత్రం తిరగేయలేదు.

ఆ ఏడు ఆషాఢంలో గాలి లేదు, వాన లేదు, ఉక్క మాత్రం ఉంది. శుక్రవారం తర్వాత సోమవారం దాకా రక్తం కడగడం ఉండదు, అందుకే సోమవారాలు ఎప్పుడూ కష్టమే. ఆ సోమవారం తెల్లారేసరికే ఆయన పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. నా చెప్పులు వేసుకుని బస్సెక్కాడు. మోహన్ ఆటో కిరాయికి కదిరి పోయాడు.

పెనుకొండ బస్టాండులో బస్సు చాలాసేపు ఆగింది. కండక్టరు టీ తాగుతున్నాడు. రేకు కాలి లోపల పొయ్యిలా ఉంది. నేను దిగి అడగబోయాను. "పోతామమ్మా, డ్రైవరు రానీ" అన్నాడు. వెనక్కి వచ్చేసరికి పక్క సీటు మనిషి ఇచ్చిన సీసా ఆయన నోట్లో ఉంది. ఆ మనిషికేం తెలుసు? దాహంతో ఉన్నవాడికి నీళ్లిచ్చాడు. ఆయన గొంతు కదులుతూనే ఉంది. నన్ను చూస్తూనే తాగాడు. నేను లాక్కునేసరికి సీసా ఖాళీ.

"చాలు పుష్పా, చాలు" అన్నాడు. చాలా తృప్తిగా అన్నాడు. ఆ తర్వాత ఆయన మాట్లాడింది లేదు.

సోమందేపల్లి దగ్గర ఊపిరి ఎగదన్నడం మొదలైంది. హిందూపురంలో ఆసుపత్రి ముందే బస్సు ఆపించి దించేసరికి అంకమ్మ హోటల్లోంచి కుర్చీ ఎత్తుకుని రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చింది. ఆ కుర్చీలోనే లోపలికి మోశాం. మిషను తగిలించేలోపలే అయిపోయింది.

కాగితాలు రాసేదాకా అంకమ్మ నన్ను తన హోటల్లో కూర్చోబెట్టింది. గోడకు కొత్త ప్లగ్గు ఉంది. పైన ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు. ఆమె దాని ముందు నిలబడి నాకు కనబడకుండా చేసింది.

సాయంత్రం అంబులెన్సులో ఆయన్ని ధర్మవరానికి తీసుకొచ్చాను. లోపల చాలా చల్లగా ఉంది. కాళ్లు బాగానే పట్టాయి. పెనుకొండ దాటాక డ్రైవరు వెనక్కి తిరిగి, "చలిగా ఉండాదేమో అమ్మా, ఏసీ ఆపమంటావా?" అని అడిగాడు.

"వద్దు నాయనా" అన్నాను. "ఇల్లు చేరేదాకా ఆపొద్దు."