నంబరు రాళ్ల మధ్య మా ఇల్లు

ఒంగోలు చివర, పొగాకు గోడౌన్లు దాటాక, నల్లరేగడి చేలో గవర్నమెంటువాళ్లు నంబర్లు వేసిన రాళ్లు పాతారు. ఇల్లు లేనివాళ్లకు అక్కడ స్థలాలిచ్చి ఇళ్లు కట్టిస్తారని ఊరంతా చెప్పుకునేవారు. ఎవరికి ఏ రాయి వస్తుందో ఇంకా తేలలేదు. మా నాయనమ్మకు మాత్రం తేలిపోయింది. ఆదివారం చర్చి కాగానే నా చెయ్యి పట్టుకుని తిన్నగా మూలరాయి దగ్గరికి నడిచేది. అది మనదేనని దేవుడు చెప్పాడట. నంబరుతో సహా చెప్పాడా అని అడిగితే నెత్తిన మొట్టేది.

తుమ్మపుల్లతో నేల మీద గీతలు గీసేది. ఇది పంచ, ఇది వంటిల్లు, ఇవి రెండు గదులు, ఇక్కడ నా మంచం. నేను ఆదమరిచి గీత దాటితే కేకలేసేది.

"గోడలోంచి నడుస్తావేందే? గుమ్మం లేదా నీకు?"

నేను వెనక్కి వెళ్లి తూర్పు గుమ్మంలోంచి వచ్చేదాన్ని. కాసేపటికి ఆమె మంచం ఉండాల్సిన చోట కొంగు మొహం మీద కప్పుకుని పడుకునేది. పక్క చేలోంచి పత్తి పింజలు ఎగిరొచ్చి మా గదుల్లో వాలేవి. దూరంగా ఎండ నీళ్లలా ఊగేది. నేను పంచలో కూర్చుని, వచ్చే చుట్టాలకు ఏం పెట్టాలా అని ఆలోచించేదాన్ని. ఒక్కోసారి వీపుకి గోడ చల్లగా తగిలినట్టే ఉండేది. నాకప్పుడు పదకొండేళ్లు.

మాది పొదిలి పక్క మెట్ట పల్లె. వరసగా వానలు మోసం చేస్తే, మట్టి గోడ కూలిన ఇంటిని అలాగే వదిలేసి ఒంగోలు చేరాం. ఒకటి తర్వాత ఒకటి మూడు అద్దె గదులు మారాం. మొదటి ఇంటివాళ్ల అమ్మాయి పురిటికొస్తోందన్నారు, సరే. రెండో గది మేం ఖాళీ చేసీ చెయ్యకముందే అందులో గేదెను తెచ్చి కట్టేశారు. దానికైనా స్థిరంగా ఓ చోటు దొరికిందని మా నాన్న నవ్వాడు. మూడో ఇంటావిడ మాత్రం అమ్మ మొహం మీదే చెప్పింది.

"మీ అత్తగారి దగ్గు వింటుంటే నాకు భయమేస్తోందమ్మా. ఆమెకేమన్నా అయితే మా ఇంట్లో ఎట్లా?"

అద్దెకున్న మనిషి ఇంట్లో పోతే ఆ ఇల్లు కొన్నాళ్లు మూసెయ్యాలని మా వైపు పట్టింపు. నాయనమ్మ ఆ మాట వింది. నాలుగో గదికి మారాక కొంగు నోట్లో కుక్కుకుని దగ్గేది. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె కడుపారా దగ్గడానికైనా మాకో సొంత ఇల్లు కావాలి. అమ్మ అందుకే స్థలానికి అర్జీ పెట్టింది.

ఏటా మిరప కోతలకు అందరం గుంటూరు వైపు పోయి చేలల్లో గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లం. ఆ ఏడు నన్నూ నాయనమ్మనూ వదిలేసి వెళ్లారు. అర్జీ పెట్టినవాళ్ల ఇళ్లకు సర్వేకొచ్చినప్పుడు తలుపుకి తాళముంటే పేరు కొట్టేస్తారని చెప్పారు మరి. పోతూ పోతూ అమ్మ నా గడ్డం పట్టుకుంది.

"ఎవరొచ్చి అడిగినా, మాకు ఇల్లు లేదు సార్ అని చెప్పు. ఇంకో మాట మాట్లాడబాక."

ఆమె సందు మలుపు తిరిగిందో లేదో నాయనమ్మ అందుకుంది.

"లేదు, లేదు అని ఏడిస్తే దేవుడు గూడా లేదనే అంటాడు. అడిగింది ఇచ్చేశాడని నమ్మి స్తోత్రం చెప్పాలా. అదే విశ్వాసం."

అప్పటికే చర్చిలో లేచి నిలబడి, దేవుడు మాకు ఇల్లిచ్చాడని సాక్ష్యం కూడా చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

సర్వేకి వచ్చినాయన చెమటతో తడిసి ఉన్నాడు. మంచివాడే. నేనిచ్చిన మంచినీళ్లు తాగి, రిజిస్టరు తెరిచి మర్యాదగా అడిగాడు.

"మామ్మగారూ, మీకెక్కడైనా సొంత ఇల్లుందా అండీ?"

"ఉంది నాయనా. దేవుడిచ్చాడు. పంచా, వంటిల్లూ, రెండు గదులు."

"ఎక్కడండీ?"

"ఊరి చివర్న. తూర్పు గుమ్మం."

ఆయన కలం ఆపి నావైపు చూశాడు. "ఏం పాపా, నిజమేనా?"

అమ్మ నేర్పిన మాట నోటిదాకా వచ్చింది. నాయనమ్మ నన్నే చూస్తోంది. ఆ కళ్లలో అనుమానం లేదు, భయం లేదు. ఎన్ని ఆదివారాలు ఆ గుమ్మంలోంచి లోపలికి నడిచానో నాకు గుర్తొచ్చింది. నేను తలూపాను.

కోతలు ముగించుకుని అమ్మావాళ్లు వచ్చేసరికి ఆఫీసు గోడకు జాబితా అంటించారు. అమ్మకు చదువు రాదు. మిరప ఘాటుకి మండుతున్న వేళ్లతో నన్ను ముందుకు నెట్టింది. మా పేరు దొరికింది. దాని మీద అడ్డంగా గీత ఉంది. పక్కన రాసింది నేను పైకి చదివాను.

"సొంత ఇల్లు కలదు."

వెనకనుంచి నాయనమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "స్తోత్రం! చూశావటే కోడలా, గవర్నమెంటోళ్లు గూడా రాశారు!"

అమ్మకు అంతా అర్థమైపోయింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె నాయనమ్మ కొంగు సర్ది, నెత్తిన కప్పింది.

"ఎండగా ఉందత్తా. పద పోదాం."

మళ్లీ అర్జీ పెట్టాం, తిరిగాం. రిజిస్టర్లో ఎక్కిన ఇంటిని ఎవరూ కూల్చలేకపోయారు. ఆ తర్వాత ఇంకో రెండు గదులు మారాం. కానీ మన ఇల్లు పోయిందని నాయనమ్మకు మేమెవరమూ చెప్పలేదు. చివరి రోజుల్లో మంచం మీదనుంచి నన్నే అడిగేది, మనింటికి ఎప్పుడు పోతామే అని. పరీక్షలయ్యాక పోదాం నాయనమ్మా అని నేనే చెప్పేదాన్ని.